ఏనుగుల వీరాస్వామయ్య మజిలీల పనితనం

దసరా సెలవులు మొదలైన రోజు తెల్లవారుజామున హైదరాబాదు శివారులోని అత్వెల్లి దగ్గర పెద్ద రోడ్డు పక్కన కాసేపు నిలబడండి. ఉత్తరంగా పోయే కార్ల మీద టార్పాలిన్ కప్పి తాళ్లతో బిగించిన సామాను కనిపిస్తుంది. ముందు సీట్లో తాత, మధ్యలో ఆడవాళ్లు, వెనక సీటులో దిండ్ల మధ్య పిల్లలు. కాశీకో, ప్రయాగకో, అయోధ్యకో ప్రయాణం. టీ కోసం ఆగినప్పుడు స్టీరింగు పట్టినాయన్ని "ఈ రాత్రి ఎక్కడ దిగుతారన్నా?" అని అడిగి చూడండి. ఎక్కువసార్లు వచ్చే జవాబు ఒకటే: "చూద్దాం, పోయినంత దూరం పోదాం."

ఈ "చూద్దాం" అన్న మాటకు చోటే ఇవ్వని పుస్తకం ఒకటి తెలుగులో దాదాపు రెండు వందల ఏళ్ల కిందటే పుట్టింది. ఏనుగుల వీరాస్వామయ్య రాసిన కాశీయాత్ర చరిత్ర. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఆయన ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18న బయల్దేరి, కాశీ, గయ, కలకత్తా, పూరీ చూసుకుని, తూర్పు తీరం వెంట 1831 సెప్టెంబరు 3న తిరిగి చెన్నపట్నం చేరాడు. పదిహేను నెలలు దాటిన ప్రయాణం. వెంట దాదాపు నూరు మంది. ఇంటివాళ్లు, బంధువులు, వంటవాళ్లు, పల్లకీ మోసే బోయీలు, సామాను మోసేవాళ్లు. ఆ నూరు మందికీ ప్రతి సాయంత్రం తల దాచుకునే చోటు, తాగే నీళ్లు, పొయ్యి వెలిగించే జాగా చూడాలి. ఆ పని మర్నాడు మళ్లీ మొదటికొస్తుంది.

మన సాహిత్య చరిత్రల్లో ఈ పుస్తకాన్ని తొలి తెలుగు యాత్రా రచనగా పొగుడుతారు. అప్పటి రాజ్యాల తీరు, కులాలు, ఆచారాలు, నాణేలు, తూకాలు ఇందులో దొరుకుతాయని చరిత్రకారులు వాడుకుంటారు. రెండూ న్యాయమే. నాకు మాత్రం ఇందులో అన్నిటికన్నా ముచ్చట గొలిపేది మజిలీలు కట్టిన పనితనం. ఎక్కడ దిగాలి, ఎక్కడ దిగకూడదు, ఎక్కడ ఒక్క రాత్రి, ఎక్కడ పదిరోజులు అన్న లెక్క. ఆ లెక్కను ఆయన పాఠంలా ఎక్కడా చెప్పడు. ఊరి తర్వాత ఊరు చదువుకుంటూ పోతే మనకే పట్టుబడుతుంది.

మొదటి రాత్రే చూడండి. మంగళవారం రాత్రి తొమ్మిది గంటలకు తండియారుపేటలోని తన తోట విడిచి బయల్దేరాడు. ఆ రాత్రి మజిలీ మాధవరం. ఇవాళ అది చెన్నై నగరంలో ఒక పేట. అప్పుడైనా పట్నం శివారే. కాశీ దాకా పోవాల్సినవాడు తొలి అడుగు అంత దగ్గర్లో వేయడమేమిటని నవ్వుకోవచ్చు. కానీ దూర ప్రయాణాలు చేసినవాళ్లు నవ్వరు. మర్చిపోయిన వస్తువు తొలి రాత్రే గుర్తొస్తుంది. ఏ కావడి బరువు ఎక్కువైందో, ఏ పెట్టె తాడు వదులైందో, ఎవరి ఒంట్లో బాగాలేదో ఆ రాత్రే బయటపడుతుంది. మాధవరంలో ఉంటే ఒక మనిషిని వెనక్కి పంపి తెల్లారేలోగా తెప్పించుకోవచ్చు. అదే వస్తువు ఐదో రోజున కడప దారిలో గుర్తొస్తే ఏం చేస్తారు?

మన ఇళ్లలో దీనికో పద్ధతి ఉండేది. పెట్టిన ముహూర్తానికి గడప దాటి, పక్కవాళ్ల ఇంట్లోనో ఊరి గుళ్లోనో బస చేసి, వీలు చూసుకుని అసలు ప్రయాణం సాగించేవాళ్లు. ప్రస్థానం ఉంచడం అనేవాళ్లు. ఇప్పటివాళ్లు దాన్ని మూఢనమ్మకమని వదిలేశారు. ముహూర్తం సంగతి నాకు పట్టదు గానీ, ఆ పద్ధతి మాత్రం మంచి ఇంజినీరింగ్.

అత్వెల్లి సంగతి ఇక్కడే వస్తుంది. మేడ్చల్ దాటగానే రహదారి మీద ఉన్న ఈ ఊరు హైదరాబాదుకు ఇవాళ్టి మాధవరం. ఎల్బీనగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఉండేవాళ్లు తెల్లవారి నాగపూరు దారి పట్టాలంటే ముందు నగరాన్ని ఈదాలి. అవుటర్ రింగు రోడ్డు మీద వచ్చినా కండ్లకోయ దగ్గర దిగేసరికి గంట కరిగిపోతుంది. ఆలేరు, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి వచ్చి కలిసేవాళ్లకు మరీ కష్టం. అత్వెల్లిలో, మేడ్చల్‌లో చుట్టాలున్నవాళ్లు అదృష్టవంతులు. ముందురోజు సాయంత్రమే వచ్చి, అందరూ ఒకే ఇంట్లో అన్నాలు తిని, సామాను మళ్లీ ఒకసారి విప్పి సర్ది, టైర్లలో గాలి చూసుకుని, పొద్దున్నే నాలుగున్నరకు కదిలితే నగరం అప్పటికే వెనక ఉంటుంది. చుట్టాలు లేకపోయినా శివారులో ఒక గది తీసుకోవడం తప్పు లెక్కేం కాదు. ఇంటికి ముప్పై కిలోమీటర్ల దూరంలో లాడ్జికి డబ్బులా అని ఇంట్లో పెద్దవాళ్లు కోప్పడితే, మాధవరం మాట చెప్పండి.

హైదరాబాదు నుంచి ఆయన పట్టింది కూడా ఈ దిక్కే. మేడ్చల్ పక్కగా ఉత్తరానికి సాగి, కామారెడ్డి, నిర్మల్ మీదుగా నాగపూరు చేరే బాట అది. తర్వాత జబల్‌పూరు, రీవా, మిర్జాపూరు, ఆపైన గంగ. విచిత్రమేమిటంటే, స్వతంత్ర భారతం వారణాసి నుంచి కన్యాకుమారికి వేసిన 7వ నంబరు జాతీయ రహదారి ఇంచుమించు ఇవే ఊళ్లను కలిపింది. 2010లో నంబర్లు మార్చాక అది ముక్కలై, అత్వెల్లి ముందున్న భాగం శ్రీనగర్–కన్యాకుమారి 44వ నంబరులో కలిసింది. నంబరు మారినా కాశీకి పోయే మనిషి వేసే అడుగు మారలేదు.

ఇక రోజు నడక సంగతి. రోజుకు ఎంత దూరం పోవాలన్నది ఆయన దారిని చూసి తేల్చలేదు, మోసేవాళ్లను చూసి తేల్చాడు. పల్లకీలో కూర్చున్న ఆయనకు అలసట లేదు. ఇంకో ఆమడ పోదామని ఎప్పుడైనా అనిపించే ఉంటుంది. కానీ బోయీల భుజాలకు ఒక హద్దుంది, సామాను మోసేవాళ్ల కాళ్లకు ఇంకా చిన్న హద్దుంది. ఆ చిన్న హద్దే మజిలీ దూరం. గుంపులో అందరికన్నా ముందు అలసిపోయే మనిషి ఎవరో, ఆ మనిషి గడియారమే అందరి గడియారం. మన కార్లలో ఆ మనిషి సాధారణంగా స్టీరింగు దగ్గర ఉండడు. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ కావచ్చు, షుగరు మాత్ర వేళకు వేసుకుని వేళకు తినాల్సిన తాత కావచ్చు, ఘాటు మలుపుల్లో వాంతి చేసుకునే చిన్నపిల్ల కావచ్చు. డ్రైవింగు చేసేవాడు "నాకేం అలసట లేదు" అంటాడు. ఆయనకు లేకపోవచ్చు. మజిలీ ఆయన కోసం కట్టేది కాదు.

వీరాస్వామయ్య ఒక ఊరి గురించి రాసే వరస గమనిస్తే పనివాడి చేయి తెలుస్తుంది. కిందటి మజిలీ నుంచి ఎంత దూరం. దారి ఎలాంటిది: ఇసుకా, రాయా, రేగడా, అడవా. మధ్యలో వాగులున్నాయా. ఊళ్లో నీళ్లు చెరువువా, బావివా, మంచివా కావా. అంగళ్లున్నాయా, వాటిలో ఏం దొరుకుతుంది. దిగడానికి సత్రమో చావడో ముసాఫరుఖానాయో ఉందా, లేక చెట్టు కింద డేరా వేసుకోవాలా. ఆ తర్వాతే గుడి, ఆ తర్వాతే జమీందారు, వింతలు. భక్తుడే, పైగా తీర్థయాత్రకు పోతున్నవాడు. అయినా నీళ్ల తర్వాతే దేవుడు వస్తాడు. రాయడానికేమీ లేని ఊరికి రెండు మూడు వాక్యాలతో సరిపెట్టి ముందుకు పోతాడు. హైదరాబాదు వంటి పట్నానికి, కాశీ వంటి క్షేత్రానికి పేజీలకు పేజీలు ఇస్తాడు. ఈ ఎగుడుదిగుడు నాకు ఎంతో ఇష్టం. అన్ని ఊళ్లకూ సమానంగా పేరాలు పంచిపెట్టే యాత్రా రచనలు చదివి చదివి విసిగిపోయిన కంటికి ఇది చల్లగా ఉంటుంది.

ఇప్పుడు ఫోనులో హోటలు వెతికే పద్ధతి చూడండి. ముందు ఫొటో, తర్వాత నక్షత్రాలు, తర్వాత ధర. మంచం మీద తువ్వాలును హంసలా మడిచి పెట్టిన ఫొటో చూసి గది ఖాయం చేసేస్తాం. వీరాస్వామయ్య వరసలో అడిగితే ప్రశ్నలు వేరు. కారు గేటు లోపల నిలుస్తుందా, రోడ్డు పక్కనా? గది మూడో అంతస్తులో ఉంటే లిఫ్టు పనిచేస్తుందా? బాత్‌రూములో మామూలు కమోడా, కింద కూర్చునేదా? రాత్రి తొమ్మిదింటికి చేరితే అన్నం దొరుకుతుందా? పొద్దున ఐదింటికి గేటు తీసేవాడుంటాడా? ఈ ఐదు ప్రశ్నలకూ ఫొటోలో జవాబుండదు. ఒక ఫోను కాలుతో తేలుతుంది. ఇంట్లో ఒకరికి ఆ పని అప్పగించాలి. హిందీ బాగా వచ్చినవాళ్లకైతే మరీ మంచిది.

ఆయన ప్రయాణంలో రెండు రకాల ఆగుడులున్నాయి. మజిలీ ఒక రాత్రిది. మకాం కొన్ని రోజులది. హైదరాబాదు, నాగపూరు వంటి పెద్ద పట్నాల్లో ఆయన నిలబడిపోతాడు. ఆ నిలబడిన రోజులను వృథా కింద లెక్కేసేవాడికి ఈ పుస్తకం అర్థం కాదు. బోయీల ఒళ్లు కుదుటపడాలి. తెగిన తాళ్లు, చిరిగిన డేరాలు బాగుచేయించాలి. ముందు దారిలో చెల్లే నాణెం ఏదో తెలుసుకుని డబ్బు మార్చుకోవాలి. రాజ్యం మారిన చోటల్లా రూపాయి మారే రోజులవి. చెన్నపట్నం కంపెనీది, హైదరాబాదు నిజాముది, నాగపూరు భోంసలేలది, ఆపైన మళ్లీ కంపెనీది. ఉత్తరాలు రాయాలి, వచ్చినవి అందుకోవాలి. మేలో బయల్దేరినవాడు హైదరాబాదు చేరి ముందుకు కదిలేసరికి వానలు దిగాయి. నిర్మల్, ఆదిలాబాదు వైపు నల్లరేగడి తడిస్తే ఎలా ఉంటుందో ఆ ప్రాంతం వాళ్లనడగండి. కాలు తీస్తే చెప్పు భూమిలో ఉంటుంది. అలాంటి నేల తొక్కబోయే ముందు మనుషులను కుదుటపరచడానికి పట్నం మకాం అక్కరకొచ్చింది.

కారు ప్రయాణంలోనూ మకాం ఉండాలి. నాలుగు రోజులు వరసగా రోజుకో లాడ్జి మారే కుటుంబం ఐదో రోజుకు మాటామాటా అనుకుంటుంది. బట్టలు ఉతుక్కునే రోజు, పిల్లలు ఊరికే ఆడుకునే రోజు, డ్రైవరు పొద్దెక్కేదాకా పడుకునే రోజు ఒకటి మధ్యలో ఉండి తీరాలి. కాశీ పోయేవాళ్లకు నా లెక్కలో ఆ చోటు జబల్‌పూరు. నర్మద ఉంది, భేడాఘాటులో పాలరాతి కొండల మధ్య పడవ ఉంది, నగరం పెద్దది కనుక మెకానిక్కూ డాక్టరూ ఇద్దరూ ఉన్నారు. పైగా అక్కడికి దారి సగం దాటి ఉంటాం.

జబల్‌పూరు పేరు వచ్చింది కనుక ఒక ముచ్చట. వీరాస్వామయ్య పోయిన ఆ రోజుల్లోనే ఆ ప్రాంతంలో ఠగ్గుల వేట ముమ్మరమైంది. విలియం స్లీమన్ అనే కంపెనీ అధికారి జబల్‌పూరు కేంద్రంగా దాన్ని నడిపాడు. ఠగ్గులు దారికాచి మీదపడే దొంగలు కారు. బాటసారులతో కలిసి నడిచి, కబుర్లు చెప్పి, నమ్మకం సంపాదించి, మజిలీలో గొంతుకు రుమాలు బిగించేవాళ్లు. ప్రమాదం నడకలో కంటే దిగిన చోటే ఎక్కువగా పొంచి ఉండేదన్నమాట. నూరు మందితో పోవడం ఆడంబరమనుకునేవాళ్లు ఈ సంగతి కూడా తలుచుకోవాలి. గుంపు పెద్దదైతే అన్నం ఖర్చు పెరుగుతుంది, మెడ మాత్రం భద్రం.

అయితే ఆ భద్రత, ఆ పద్ధతి, ఆ పుస్తకం అన్నీ బోయీల భుజాల మీద నడిచాయి. చదివేవాళ్లు ఈ మాట మర్చిపోకూడదు. పల్లకీలో కూర్చుని దారి లోతుపాతులు రాసిన మనిషి ఒకడు, ఆ లోతుల్లో కాళ్లు పెట్టినవాళ్లు చాలామంది. వాళ్లలో ఒక్కరైనా తమ కాశీయాత్రను చెప్పి రాయించి ఉంటే మజిలీల గురించి మనకు ఇంకో రకం పాఠం దొరికేది. ఇవాళ డ్రైవరును జీతానికి పెట్టుకుని పోయే కుటుంబాలకూ ఇది వర్తిస్తుంది. అందరికీ గదులు తీసుకుని డ్రైవరును కారులో పడుకోమనే అలవాటు మనలో ఇంకా పోలేదు. రేపు పొద్దున ఎనిమిది ప్రాణాలు ఎవరి కళ్ల మీద ఆధారపడతాయో, ఆ కళ్లకు ఈ రాత్రి మంచం లేదు. డ్రైవరుకు గది దొరకని చోటు మజిలీకి పనికిరాదు, అంతే.

చట్టం కూడా ఈ మాటే అంది. బస్సులు, లారీలు నడిపే సంస్థల్లోని కార్మికులకు 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని హద్దు పెట్టింది. ఐదు గంటలు దాటకముందే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. రోజూ అదే పనిచేసే, చేయి తిరిగిన డ్రైవరుకు పెట్టిన హద్దు అది. ఏడాదికి ఒకసారి హైవే ఎక్కే మన సాఫ్ట్‌వేరు అల్లుడు గారు పద్నాలుగు గంటలు ఏకబిగిన నడిపి, వాట్సాపులో దూరం ఫొటో పెడతాడు. సొంత కారుకు ఆ చట్టం వర్తించేది కాదు. నిద్రకు మాత్రం అందరూ సమానమే. అర్ధరాత్రి దాటాక రెండు నుంచి ఐదు మధ్య ఒళ్లు ఎవరి మాటా వినదు. "ఇద్దరం మార్చి మార్చి నడుపుతాం కనుక రాత్రంతా పోవచ్చు" అనే లెక్కలో ఒక లొసుగుంది. పక్క సీట్లో కూర్చుని కునికినది నిద్ర కాదు.

మరి అత్వెల్లి నుంచి కాశీకి వీరాస్వామయ్య పద్ధతిలో మజిలీలు కడితే ఎలా ఉంటుంది? మొత్తం దూరం పన్నెండు వందల కిలోమీటర్లు పైచిలుకు. తొలి రోజు నాగపూరు. నాలుగు వందల డెబ్బై కిలోమీటర్ల చిల్లర, రోడ్డు మంచిది. కామారెడ్డి దగ్గర టిఫిను. సోన్ దగ్గర గోదావరి వంతెన మీద పిల్లలు చిల్లర విసరడం ఎలాగూ ఉంటుంది. నిర్మల్ దాటాక కొండలు, అడవి. ఆదిలాబాదు తర్వాత పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. పెద్దవాళ్లు ఎక్కువమంది ఉంటే నాగపూరు పట్టుదల వదిలేసి ఆదిలాబాదులోనే దిగిపోవచ్చు. అక్కడ తెలుగులో అడిగి తెలుగు భోజనం తినే చివరి రాత్రి అది. పథ్యం తినేవాళ్లకు చిన్న సంగతి కాదు.

నాగపూరులో ఎక్కడ దిగాలన్నది అసలైన ప్రశ్న. పాతకాలపు బాటసారుల్లో ఒక పద్ధతి ఉండేది: ఏరు దాటాకే దిగాలి. ఈవలి ఒడ్డున పడుకుంటే రాత్రి పైన వాన కురిసి తెల్లారేసరికి ఏరు పొంగొచ్చు. ఆవలి ఒడ్డున పడుకున్నవాడికి ఏరు పొంగినా పొంగకపోయినా ఒకటే. ఇప్పుడు ఏళ్లకు వంతెనలున్నాయి, పొంగేవి నగరాలు. సాయంత్రం నాగపూరు ఈవలి అంచున బుటీబోరి వైపు దిగినవాడు మర్నాడు పొద్దున ఆఫీసు వేళకు ఆ ట్రాఫిక్కులో పడతాడు. కాస్త ఓపిక పట్టి బయటి రోడ్డు మీదుగా నగరాన్ని చుట్టి ఉత్తరపు అంచున, కామఠీ వైపో మన్సర్ వైపో దిగితే, తెల్లవారి కారు తాళం తిప్పిన నిమిషం నుంచి దారి మనదే. వీరాస్వామయ్య మజిలీలను చదివి నేర్చుకున్నవాటిలో నాకు బాగా అక్కరకొచ్చేది ఇదే ఆలోచన. మజిలీని ఈ రాత్రి సుఖాన్ని బట్టి ఎంచకూడదు, రేపటి మొదటి రెండు గంటలను బట్టి ఎంచాలి.

రెండో రోజు జబల్‌పూరు. రెండు వందల డెబ్బై, ఎనభై కిలోమీటర్లే. మొదటి రోజు ఎక్కువ నడిచాం కనుక రెండో రోజు తగ్గించడం సబబు. దారిలో పెంచ్ అడవి. రోడ్డును స్తంభాల మీద పైకి లేపి కింద జంతువులకు దారి వదిలారు. పులి కనిపిస్తుందని పిల్లలకు మాటివ్వకండి. సివనీ, లఖ్‌నాదౌన్ దాటి మధ్యాహ్నం మూడింటికల్లా నర్మద. పైన చెప్పిన మకాం ఇక్కడే. తర్వాత కట్ని, మైహర్ మీదుగా రీవా, రెండు వందల ముప్పై కిలోమీటర్ల సుమారు. మైహర్‌లో శారదాదేవి కొండకు రోప్‌వే ఉంది, పెద్దవాళ్లు కూడా ఎక్కొచ్చు. చివరి రోజు రీవా నుంచి మిర్జాపూరు, వింధ్యాచలం దర్శనం, సాయంత్రానికి కాశీ. కాశీలో తెలుగువాడికి దిగే చోటు గురించి బెంగ అక్కర్లేదు. ఆంధ్రాశ్రమం, కరివేన సత్రం వంటివి ఉన్నాయి. బెంగంతా గది ముందే ఖాయం చేసుకోకపోతే. గంగ ఒడ్డు సందుల్లోకి కారు రాదని మాత్రం గుర్తుంచుకుని, కారు ఎక్కడ నిలపాలో ముందే అడగండి.

ఇలా రాసుకున్న పట్టికలో ఖాళీ ఉండాలి. 2025 మహాకుంభమేళాలో ఇదే దారి గట్టి పరీక్ష పెట్టింది. ఫిబ్రవరి రెండో వారంలో ప్రయాగ వైపు రద్దీ మితిమీరి, మధ్యప్రదేశ్ పోలీసులు జబల్‌పూరు, కట్ని, మైహర్, రీవా దగ్గరే వాహనాలను ఆపేశారు. తెలుగు రాష్ట్రాల నంబరు ప్లేట్లున్న కార్లూ ఆ వరసల్లో ఉన్నాయి. "పోయినంత దూరం పోదాం" అని బయల్దేరినవాళ్లు కార్లోనే రాత్రి గడిపారు. ఫలానా రోజు ఫలానా గంటకు చేరి తీరాలని పట్టిక కట్టుకున్నవాళ్ల పని అంతకన్నా అన్యాయం. కదలలేక, ఆగలేక నలిగిపోయారు. ఒక రోజు చేతిలో మిగుల్చుకున్నవాళ్లే జబల్‌పూరులో గది తీసుకుని నిద్రపోగలిగారు. వీరాస్వామయ్యకు ట్రాఫిక్ జాములు లేవు, కానీ వానలున్నాయి, జబ్బులున్నాయి, సుంకం చౌకీలున్నాయి. శ్రీశైలంలో కందనూరు (ఇప్పటి కర్నూలు) నవాబు యాత్రికుల దగ్గర వసూలు చేసే పన్ను సంగతి ఆయన రాసి పెట్టాడు. ఫాస్టాగ్ రోజుల్లో టోలు గేటు దగ్గర అర నిమిషం ఆగినందుకే హారను కొట్టేవాళ్లు ఆ భాగం తప్పక చదవాలి.

ఇంతకీ ఆయన ఈ వివరాలన్నీ ఎందుకు రాశాడు? మజిలీల్లో కూర్చుని రాసుకున్న సంగతులు స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు చేరేవి. మొదటి పాఠకుడు ఆయనే. కానీ నీళ్లు, అంగళ్లు, దూరాలు చెన్నపట్నంలో ఇంట్లో కూర్చున్న మిత్రుడికి అక్కర్లేదు. అవి రేపు ఆ దారిన పోయే ఎవరికో. ముఖం తెలియని ఆ బాటసారికి ఈ బావి నీళ్లు మంచివి, ఈ ఊళ్లో బియ్యం దొరకవు అని చెప్పి పోయాడు. భాష కూడా అందుకు తగినదే. కచేరీలో వాడే ఉర్దూ మాటలు, ఇంగ్లీషు మాటలు, ఇంట్లో మాట్లాడే తెలుగు కలిసిన వచనం. గ్రంథం రాస్తున్నాననే బిగువు లేదు. చెప్పాల్సింది చెప్పి లేచి పోతాడు.

పుస్తకంలో లోపాలు లేకపోలేదు. సృష్టి గురించి, ధర్మం గురించి ఎత్తుకున్నప్పుడు ఆయన ఒక పట్టాన దిగడు. ఆ పేజీలు తిప్పేయడంలో పాపం లేదు. ఊళ్ల పేర్లు ఆయన చెవికి వినిపించినట్టు రాశాడు కనుక ఇప్పటి మ్యాపులో వెతికేటప్పుడు తడుముకోవాలి. 1941లో దిగవల్లి వేంకటశివరావు గారు ఈ పుస్తకాన్ని వివరణలతో మళ్లీ అచ్చు వేయించి ఆ తడుములాట చాలా తగ్గించారు. పాత పుస్తకాన్ని కొత్త చదువరికి అందేలా చేయడం ఎలాగో ఆ కూర్పు చూస్తే తెలుస్తుంది. దాని పనితనం గురించి వేరే వ్యాసమే రాయొచ్చు.

వీరాస్వామయ్య 1836లో పోయారు. శ్రీనివాస పిళ్లె పూనికతో పుస్తకం 1838లో తొలిసారి అచ్చయింది. నాగపూరు దారిన బయల్దేరే ఆలోచనలో ఉన్నవాళ్లు గదులు ఖాయం చేసుకునే ముందు, హైదరాబాదు నుంచి నాగపూరు దాకా ఉన్న ఆ కొద్ది పేజీలు ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి చదవండి. తిరిగొచ్చాక మీరు దిగిన చోట్ల నీళ్లు, అన్నం, కారు నిలిపే జాగా, గేటు తీసిన వేళ ఒక కాగితం మీద రాసి, తర్వాత పోయే చుట్టాలకు ఇవ్వండి.